నురగ లేని ఊపిరితిత్తులు: డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ గురించి ఒక ప్రసంగం

(నర్సింగ్ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, ఊళ్లోవాళ్లు కలిసి కూర్చుని విన్న ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట్లాడినవారు ముప్ఫై ఏళ్లకు పైగా పసిపిల్లల వార్డులో పనిచేసిన డాక్టరు గారు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి చప్పుడు వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు ఒక ప్రశ్న. చేతులెత్తండి. "ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుట్టింది బతకదు" అనే మాట మీ ఇళ్లల్లో విన్నవాళ్లు ఎంతమంది? చూడండి, హాలు సగానికి పైగా చేతులు లేచాయి. నేనూ మా అమ్మమ్మ దగ్గర విన్నాను. ఆవిడ చాలా తెలివైన మనిషి, ఊళ్లో ఎన్నో పురుళ్లు పోసింది, కానీ ఈ మాట మాత్రం తప్పు. పూర్తిగా తప్పు. ఏడో నెల కంటే ఎనిమిదో నెల మేలు, ఎనిమిదో నెల కంటే తొమ్మిదో నెల మేలు, ఒక్కో వారం గడిచేకొద్దీ బిడ్డకి బతికే అవకాశం పెరుగుతుంది. ఎందుకలా? దానికి జవాబు ఊపిరితిత్తుల్లో ఉంది. ఆ జవాబు కనిపెట్టింది ఎవరంటే, అమెరికాలో ఒక డాక్టరమ్మ, పేరు మేరీ ఎలెన్ ఏవరీ. ఇవాళ ఆవిడ గురించి చెప్పాలని వచ్చాను.

అయితే ఆవిడ దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేద్దాం. ఈ టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదాన్లో మంచినీళ్లు. రెండోదాన్లో కుంకుడుకాయ రసం, పొద్దున్న ఇంట్లో నానబెట్టి పిసికి తెచ్చింది. ఒక అమ్మాయి రామ్మా ఇలా. ఇదిగో స్ట్రా. ముందు మంచినీళ్లలో ఊదు. పీల్చకు, ఊదు. ఆఁ. బుడగలు వచ్చాయి కదా, ఇప్పుడు ఊదడం ఆపు. ఏమయ్యాయి? పోయాయి. పైకి వచ్చింది వచ్చినట్టే పగిలిపోయాయి. ఇప్పుడు కుంకుడు రసంలో ఊదు. చాలు చాలు, పొంగుతోంది. ఆపెయ్. నురగ ఉందా? ఉంది. అది అలాగే ఉంటుంది, అక్కడ పెట్టు, మళ్లీ చూద్దాం. కూర్చోమ్మా.

ఇంతే విషయం. నేను గంటసేపు చెప్పబోయేదంతా ఈ రెండు గ్లాసుల్లోనే ఉంది. నురగ నిలబడటం, నిలబడకపోవడం.

1986లో సంగతి చెబుతాను. నేను అప్పుడే చదువు పూర్తిచేసి ఒక పెద్దాసుపత్రిలో పిల్లల వార్డులో చేరాను. పేరు అనవసరం, ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే. ఒక రాత్రి ఏడున్నర నెలలకి పుట్టిన మగబిడ్డని తీసుకొచ్చారు. పుట్టగానే ఏడ్చాడు, రంగు బాగానే ఉంది, చేతులూ కాళ్లూ ఆడిస్తున్నాడు. వాళ్ల నాన్న ముఖంలో నవ్వు కూడా వచ్చింది. గంట గడిచేసరికి మొదలైంది. డొక్కలు ఎగరేస్తున్నాడు. ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. ఊపిరి వదిలిన ప్రతిసారీ సన్నటి మూలుగు, ఊఁ... ఊఁ... అని. మీలో వార్డులో పనిచేసినవాళ్లకి ఆ మూలుగు తెలుసు. ఒకసారి వింటే మర్చిపోలేరు. తల చుట్టూ ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఆక్సిజన్ వదిలాం, సెలైన్ పెట్టాం, వెచ్చగా ఉంచాం. అంతకంటే చేయగలిగింది మా దగ్గర లేదు. ఎక్స్‌రే తీస్తే నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తులు తెల్లగా, గరుకు అద్దంలోంచి చూసినట్టున్నాయి. రెండో రోజు రాత్రికి అలిసిపోయాడు. అదే మాట, అలిసిపోయాడు. మూలుగు తగ్గింది, వాళ్ల నాన్న "నెమ్మదించిందా డాక్టరు గారూ" అని అడిగాడు. నెమ్మదించడం కాదది. తెల్లవారకముందే పోయాడు.

ఆ తండ్రికి నేను చెప్పింది ఒకటే వాక్యం, "ఊపిరితిత్తులు పండలేదు బాబూ" అని. నిజమే చెప్పాను. కానీ పండటం అంటే ఏమిటి? పండనివ్వడానికి మనం ఏమైనా చేయగలమా? అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఈ బిడ్డ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఊపిరితిత్తి అన్నమాటలోనే తిత్తి ఉంది. కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి చూశారా, ఈ తరం పిల్లలు చూసి ఉండకపోవచ్చు, నొక్కితే గాలి కొట్టేది. మనందరం ఊపిరితిత్తి అంటే అలాంటి ఒక పెద్ద సంచీ అనుకుంటాం. కాదు. లోపల కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలిసంచులు, కంటికి కనపడనంత చిన్నవి. ప్రతి సంచీ లోపల గోడ తడిగా ఉంటుంది. అసలు చిక్కంతా ఆ తడితోనే.

కూరగాయల బజారులో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు ఉంటుంది కదా, అది లోపల తడిస్తే తెరవడం ఎంత కష్టమో మీకు తెలుసు. రెండు వైపులూ అతుక్కుపోతాయి, వేళ్లతో నలుపుతాం, నోటితో ఊదుతాం, అయినా రాదు. నీటికి తనలో తను దగ్గరికి లాక్కునే గుణం ఉంది, ఇంటర్మీడియట్‌లో తలతన్యత అని చదువుకుని ఉంటారు. గాలిసంచీ లోపలి తడి కూడా అలాగే ఆ సంచీని లోపలికి లాగుతుంది. పైగా సంచీ ఎంత చిన్నదైతే అంత గట్టిగా లాగుతుంది. అంటే ఊపిరి వదిలినప్పుడు సంచీ చిన్నదవుతుంది, చిన్నదయ్యేకొద్దీ ఇంకా గట్టిగా మూసుకుంటుంది, ఆఖరికి తడిసిన కవరులా అతుక్కుపోతుంది. మళ్లీ తెరవాలంటే మొదటి ఊపిరికి పడ్డంత కష్టం పడాలి. ప్రతి ఊపిరికీ! నిమిషానికి అరవై, డెబ్బై సార్లు! కిలోన్నర బిడ్డ ఎంతసేపు పడగలదు ఆ కష్టం? అందుకే అలిసిపోయాడు అన్నాను.

మరి మనకెందుకు అతుక్కుపోవడం లేదు? మీరూ నేనూ ఇంత హాయిగా ఎలా కూర్చున్నాం? మన గాలిసంచుల తడిలో కుంకుడు రసం లాంటిది ఒకటి ఉంది. సర్ఫాక్టెంట్ అంటారు. చాలావరకు కొవ్వు జాతి పదార్థం, కొంచెం ప్రోటీన్లు. సంచీ గోడల్లోని ఒక రకం కణాలు దాన్ని తయారుచేస్తాయి. అది నీటి లాగుడుని తగ్గిస్తుంది, సంచీ చిన్నదయ్యేకొద్దీ ఇంకా బాగా తగ్గిస్తుంది. అందుకే సంచులు మూసుకుపోవు. కడుపులో బిడ్డకి ఇది 24 వారాల ప్రాంతంలో తయారవడం మొదలవుతుంది, సరిపడా రావడానికి 34, 35 వారాలు పడుతుంది. ఇప్పుడు చెప్పండి, ఏడో నెల మేలా, ఎనిమిదో నెల మేలా?

ఇక ఏవరీ గారి దగ్గరికి వద్దాం.

ఆవిడ 1927 మే 6న న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో పుట్టారు. నాన్నగారికి నూలు వస్తువుల వ్యాపారం, అమ్మగారు స్కూల్లో పనిచేసేవారు. వీళ్ల పక్కింట్లో ఎమిలీ బేకన్ అని ఒక పిల్లల డాక్టరు ఉండేవారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు డాక్టర్లు కావడమే అరుదు. ఆ బేకన్ గారు ఈ పిల్లని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి ఒక నెలలు నిండని బిడ్డని చూపించారు. ఏవరీ గారు తన జీవితంలో చూసిన మొదటి నెలలు నిండని బిడ్డ అదే. ఇక్కడున్న నర్సమ్మలందరికీ ఒక మాట, మీ పక్కింటి పిల్లలు మిమ్మల్ని గమనిస్తూనే ఉంటారు. ఎప్పుడైనా వాళ్లని మీ వార్డు దాకా తీసుకెళ్లండి, తలుపు దగ్గర నిలబెట్టి చూపించినా చాలు.

కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, జాన్స్ హాప్కిన్స్‌లో మెడిసిన్ చదివారు. తొంభై మంది ఉన్న తరగతిలో అమ్మాయిలు నలుగురు. 1952లో పాసయ్యారు. డాక్టరయ్యానని సంతోషించేలోపే ఏమైందో తెలుసా? టీబీ. తనకే టీబీ వచ్చింది. పనంతా ఆపి మంచం మీద పడుకోవాల్సి వచ్చింది, నెలల తరబడి. కొత్తగా డాక్టరయిన మనిషి, ఇరవై అయిదేళ్లు, తన ఊపిరితిత్తుల గురించే రోజూ ఆలోచిస్తూ పడుకుని ఉండటం ఎలా ఉంటుందో ఊహించండి. ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తాయన్న ఆసక్తి తనకి అక్కడే బలపడిందని ఆవిడే తర్వాత చెప్పుకున్నారు. కోలుకుని, హాప్కిన్స్‌కి తిరిగొచ్చి పిల్లల వైద్యంలో శిక్షణ పూర్తిచేసి, 1957లో బోస్టన్ వెళ్లారు. అక్కడ హార్వర్డ్‌లో జెరె మీడ్ అనే ఆయన ఊపిరితిత్తుల భౌతికశాస్త్రం మీద పనిచేస్తున్నారు. పగలు ఆయన ల్యాబు, అదే ఊళ్లో కాన్పుల ఆసుపత్రిలో పసిపిల్లలు. అటు లెక్కలు, ఇటు బిడ్డలు. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండటం వల్లే తర్వాత జరిగింది జరిగిందని నా నమ్మకం.

అప్పట్లో ఈ జబ్బుకి హయలిన్ పొర జబ్బు అని పేరు. చనిపోయిన బిడ్డల ఊపిరితిత్తుల్ని మైక్రోస్కోపు కింద పెడితే గాలిదారుల్లో గులాబీ రంగు పొర ఒకటి గాజులా మెరుస్తూ కనిపించేది. అందరి కళ్లూ ఆ పొర మీదే. ఎక్కడి నుంచి వచ్చింది ఈ పొర? బిడ్డ ఉమ్మనీరు మింగిందా? పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయా? ఏళ్ల తరబడి ఇవే చర్చలు. పొరే బిడ్డకి ఊపిరాడకుండా చేస్తోందని, దాన్ని ఎలా ఆపాలా అని. కళ్ల ముందు కనిపిస్తున్నది కదా మరి, తప్పు పట్టలేం.

ఏవరీ గారు వేరే ఒకటి గమనించారు. వేరే కారణాలతో పోయిన బిడ్డల ఊపిరితిత్తులు చూస్తే గాలిదారుల్లో నురగ ఉంది. ఈ జబ్బుతో పోయిన బిడ్డల్లో నురగ లేదు. ఊపిరితిత్తి కార్జంలా గట్టిగా, ముదురు రంగులో ఉంది, కోస్తే గాలి లేదు, నురగ లేదు. ఎన్ని చూసినా అంతే. నురగ లేదు.

చాలామంది చూసే ఉంటారు దీన్ని. చూసి, నురగ లేకపోతే ఏమైంది, అసలు జబ్బు పొరది కదా అనుకుని ఉంటారు. అక్కడ ఉన్న పొరని అందరూ పట్టుకుంటే, ఉండాల్సినది ఏది లేదు అని అడిగింది ఆవిడ. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆవిడ దగ్గర నేర్చుకోవాలని ప్రయత్నించింది ఇదొక్కటే. ఛార్టులో రాసి ఉన్నది చదవడం తేలిక. ఛార్టులో రాయనిది చదవడం కష్టం.

ఇక్కడ ఒక పక్కదారి. నురగ గురించి అప్పటికే ఇద్దరు పనిచేశారు, ఇద్దరూ పిల్లల డాక్టర్లు కారు. ఇంగ్లండులో పాటిల్ అనే ఆయన, అమెరికాలో జాన్ క్లెమెంట్స్ అనే ఆయన. ఇద్దరూ ఎక్కడ పనిచేసేవారో తెలుసా? సైన్యం తాలూకు రసాయన ఆయుధాల కేంద్రాల్లో. విషవాయువు పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి నురగ కక్కుకుని చనిపోతారు, దాని మీద పరిశోధన. పాటిల్ గారు 1955లో ఒక విచిత్రం రాశారు, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే బుడగలు పగలవు అని. మామూలు నురగని చంపే మందులు వేసినా ఇవి చావలేదు. అంటే వాటి పైన ఏదో పూత ఉంది. క్లెమెంట్స్ గారు ఆ పూత బలాన్ని కొలిచే ఒక త్రాసు తయారుచేశారు. చిన్న తొట్టి, అందులో నీళ్లు, పైన ఊపిరితిత్తి నుంచి తీసిన రసం పొరలా పరుచుకుంటుంది. ఒక అడ్డుపట్టీ ముందుకీ వెనక్కీ జరుగుతూ ఆ పొరని కుదించి సాగదీస్తుంది, ఊపిరి తీసి వదిలినట్టు. నీటిలో వేలాడే చిన్న రేకుని ఆ పొర ఎంత బలంగా లాగుతోందో త్రాసు చూపిస్తుంది. మంచి ఊపిరితిత్తి రసమైతే పొరని కుదించేకొద్దీ లాగుడు దాదాపు లేనంతగా పడిపోతుంది.

ఈ సంగతి ఏవరీ గారి చెవిన పడింది. 1957 డిసెంబరులో మేరీలాండ్‌లో ఉన్న ఆ సైనిక కేంద్రానికే వెళ్లారు, క్లెమెంట్స్ గారు ఎలా కొలుస్తున్నారో పక్కన నిలబడి చూశారు, నేర్చుకున్నారు. తిరిగొచ్చి బోస్టన్‌లో అలాంటి త్రాసే సొంతంగా ఏర్పాటు చేసుకున్నారు. యుద్ధం కోసం మొదలైన పని పసిబిడ్డ దగ్గరికి వచ్చింది. ఎవరు తెచ్చారు? వెళ్లి అడిగిన మనిషి తెచ్చింది.

ఆ తర్వాత ఒక్కో ఊపిరితిత్తి రసం త్రాసులో పెట్టి చూశారు. పెద్దవాళ్లవి, పిల్లలవి, నెలలు నిండిన బిడ్డలవి, నిండనివి. సుమారు 1,100, 1,200 గ్రాములు దాటిన బిడ్డలు వేరే కారణంతో పోయి ఉంటే వాళ్ల రసంలో లాగుడు తక్కువ, అంటే పూత ఉంది. అంతకంటే చిన్న బిడ్డల్లోనూ, బరువు ఎంతైనా సరే ఈ జబ్బుతో పోయిన బిడ్డల్లోనూ లాగుడు ఎక్కువ. పూత లేదు. అంతే. 1959లో ఏవరీ, మీడ్ ఇద్దరి పేర్లతో ఆ వ్యాసం అచ్చయింది. అప్పటికి ఆవిడ వయసు ముప్ఫై రెండు. బిడ్డని చంపుతున్నది పొర కాదు, పూత లేకపోవడం. పొర తర్వాత వచ్చింది, దెబ్బతిన్న ఊపిరితిత్తిలోకి బిడ్డ రక్తంలోంచే కారిన ప్రోటీను గడ్డకట్టింది. అందరూ దొంగ అనుకున్నది దెబ్బ తాలూకు మచ్చ.

మరి జబ్బుకి కారణం తెలిసింది కదా, మందు వచ్చేసిందా? రాలేదు. ఇక్కడ నాకు గుండె బరువెక్కుతుంది ఎప్పుడూ. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనెడీకి కొడుకు పుట్టాడు, పాట్రిక్, అయిదున్నర వారాలు ముందు. బరువు రెండు కిలోల పైనే. ఇప్పుడైతే అలాంటి బిడ్డని చూసి మనం పెద్దగా టెన్షన్ కూడా పడం. ఇదే జబ్బు. దేశంలో ఉన్న పెద్ద డాక్టర్లందరూ వచ్చారు, బోస్టన్‌కి తరలించారు, ఆక్సిజన్ ఒత్తిడి పెంచే పెద్ద గదిలో కూడా పెట్టారు. ముప్ఫై తొమ్మిది గంటలు బతికాడు. జబ్బుకి కారణం చెప్పిన వ్యాసం అచ్చయి అప్పటికి నాలుగేళ్లు. అధ్యక్షుడి బిడ్డకే లేని మందు ఇంకెవరికి ఉంటుంది?

ఆ పూతలో ముఖ్యమైన కొవ్వు ఏదో తెలుసు కదా, దాన్ని తుంపరలా చేసి బిడ్డలతో పీల్పించి చూశారు 1960లలో. పనిచేయలేదు. తుంపర లోపలి దాకా పోలేదు, పోయినా ఒక్క కొవ్వు చాలదు, దాన్ని పరిచే ప్రోటీన్లు కావాలి. అది తెలియడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

ఈలోపు ఇంకో రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి, ఇందాక చెప్పిన మూలుగు. బిడ్డ ఎందుకు మూలుగుతుంది? నొప్పితో అనుకుంటారు చాలామంది. కాదమ్మా. ఊపిరి వదిలేటప్పుడు గొంతు దగ్గర సగం మూసి, గాలి మొత్తం పోకుండా పట్టి ఉంచుతోంది, సంచులు అతుక్కుపోకుండా. తనకి తాను చేసుకుంటున్న వైద్యం అది! 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ గారు ఆ పనే యంత్రంతో చేశారు, ఊపిరి వదిలేటప్పుడు కూడా కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచడం. ఇరవై మంది బిడ్డల్లో పదహారు మంది బతికారు. మనం ఇవాళ సీప్యాప్ అంటున్నది ఇదే. 1986లో నా ముందున్న ఆ బిడ్డ రెండు రోజులు మూలిగింది, కొంచెం ఒత్తిడి సాయం ఇవ్వండి అని అడగడమే. నాకు అప్పుడు ఆ భాష రాదు.

రెండోది గొర్రెపిల్లల దగ్గర మొదలైంది. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌లో లిగ్గిన్స్ అనే కాన్పుల డాక్టరు, నొప్పులు ఎందుకు మొదలవుతాయో తెలుసుకోవాలని కడుపులో ఉన్న గొర్రెపిల్లలకి స్టిరాయిడ్ ఇచ్చి చూస్తున్నారు. చాలా ముందుగా పుట్టిన ఒక పిల్ల, బతకకూడని పిల్ల, ఊపిరి తీసుకుంటూ ఉంది. కోసి చూస్తే ఊపిరితిత్తులు కొంత తెరుచుకుని ఉన్నాయి. ఆయన దాన్ని 1969లో రాశారు. ఏవరీ గారు ఆ సంగతి పట్టుకుని తన సహచరులతో గొర్రెపిల్లల మీద, కుందేలు పిల్లల మీద ప్రయోగాలు చేసి, స్టిరాయిడ్ వల్ల పూత త్వరగా తయారవుతోందని 1970, 71లలో చూపించారు. 1972లో లిగ్గిన్స్, హోవీ గార్లు 282 మంది తల్లులతో చేసిన పరీక్ష ఫలితం అచ్చువేశారు. నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉన్న తల్లికి ఆ స్టిరాయిడ్ జాతి ఇంజెక్షన్ ఇస్తే, బిడ్డలకి ఈ జబ్బు నూటికి ఇరవై ఆరు దగ్గర నుంచి తొమ్మిదికి పడిపోయింది. మొదటి వారంలో చావులు నూటికి పదిహేను నుంచి మూడుకి దిగాయి.

తల్లికి ఇంజెక్షన్. చవకైన ఇంజెక్షన్. 1972.

నేను చెప్పిన ఆ బిడ్డ తల్లి ముందురోజు పొద్దున్నే నొప్పులతో ఆసుపత్రికి వచ్చింది. కాన్పు మర్నాడు సాయంత్రం అయింది. ఒక రోజుకు పైగా టైముంది మాకు. ఎవరూ ఆ ఇంజెక్షన్ ఇవ్వలేదు. 1972కీ 1986కీ మధ్య పద్నాలుగేళ్లు. ఇది ఒక్క మా ఆసుపత్రిలో జరిగింది కాదు, అమెరికాలో కూడా అందరూ ఇవ్వండి అని ప్రభుత్వ వైద్య సంస్థ పెద్దల సమావేశం పెట్టి చెప్పింది 1994లో. ఇరవై రెండేళ్ల తర్వాత! కోక్రేన్ అనే సంస్థ ఉంది, వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి చూస్తుంది. వాళ్ల గుర్తులో గుండ్రటి బొమ్మ మధ్యలో చిన్న చిన్న గీతలుంటాయి చూడండి, అవి ఈ ఇంజెక్షన్ పరీక్షల ఫలితాలే. తెలిసీ వాడని మందుకి గుర్తుగా పెట్టుకున్నారు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు వాళ్ల నాన్న ముఖం గుర్తొస్తుంది.

పూత సంగతి కూడా చెప్పేస్తాను. 1980లో జపాన్ డాక్టరు ఫుజివారా గారు ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ని గొట్టం ద్వారా నేరుగా బిడ్డల ఊపిరితిత్తుల్లో పోశారు. పది మంది బిడ్డలు. ఎక్స్‌రేలో తెల్లటి ఊపిరితిత్తులు గంటల్లో నల్లబడ్డాయి, అంటే గాలి నిండింది. 1990లో అమెరికాలో మొదటి సర్ఫాక్టెంట్ మందుకి అనుమతి వచ్చింది. ఏవరీ గారి వ్యాసానికీ దీనికీ ముప్ఫై ఒక్క ఏళ్లు. ఆవిడ అదృష్టం, మన అదృష్టం, అది కళ్లారా చూశారు.

ఈ మధ్యకాలంలో ఆవిడ ఊరికే కూర్చోలేదు. 1966లో ఇంకో జబ్బుని విడదీసి చెప్పారు. నెలలు నిండిన బిడ్డ, ముఖ్యంగా ఆపరేషన్ కాన్పులో పుట్టిన బిడ్డ, గబగబా ఊపిరి తీసుకుంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అది సర్ఫాక్టెంట్ లోపం కాదు, కడుపులో ఉన్నప్పటి ఊపిరితిత్తుల నీరు ఆలస్యంగా ఇంకడం. మన వార్డుల్లో టీటీఎన్ అని రాస్తామే, అదే. ఎన్ని కుటుంబాలకి మనం "ఫరవాలేదు, తగ్గిపోతుంది" అని ధైర్యంగా చెప్పగలుగుతున్నామో, ఆ ధైర్యం కూడా ఆవిడ ఇచ్చిందే.

పదవుల గురించి త్వరగా చెబుతాను. 1969లో కెనడా వెళ్లి మాంట్రియల్ పిల్లల ఆసుపత్రికి పెద్ద డాక్టరయ్యారు. 1974లో బోస్టన్ పిల్లల ఆసుపత్రికి ఆ హోదాలో వచ్చారు, అక్కడ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో రోగుల్ని చూసే ఒక విభాగానికి అధిపతి అయిన మొదటి మహిళ కూడా ఆవిడే. 1991లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం. 2011 డిసెంబరులో, ఎనభై నాలుగేళ్ల వయసులో పోయారు.

నాకు వీటికంటే ఇష్టమైనది 1987లో ఆవిడ చేసిన ఇంకో పని. అమెరికాలో ఎనిమిది పెద్ద ఆసుపత్రుల్ని తీసుకుని, తక్కువ బరువు బిడ్డల్లో చాలాకాలం ఊపిరితిత్తుల జబ్బు మిగిలిపోవడం ఎక్కడ ఎంత ఉందో పోల్చారు. ఒక్కచోట చాలా తక్కువ. న్యూయార్క్‌లో కొలంబియాలో. అక్కడ ఏం చేస్తున్నారు? వెంటనే గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టకుండా, పుట్టగానే ముక్కు దగ్గర సీప్యాప్ పెడుతున్నారు. అంటే యంత్రంతో మనమే చేసే హాని గురించి కూడా ఆవిడ అడిగారు. అరవై ఏళ్ల వయసులో, అంత పేరొచ్చాక, మా ఆసుపత్రి కంటే పక్క ఆసుపత్రి ఎందుకు మెరుగ్గా ఉంది అని లెక్కలు తీసి అచ్చువేయడానికి ఎంత మనసు కావాలి!

ఇప్పుడు మన సంగతి. ప్రపంచంలో నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు అందరికంటే ఎక్కువ మన దేశంలోనే, ఏడాదికి 30 లక్షల దాకా. 2014లో భారత ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది, 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాలి, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు మోతాదులు. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదు ఏఎన్ఎమ్ ఇవ్వొచ్చు. ఏఎన్ఎమ్‌లూ, వింటున్నారా? అంబులెన్స్ వచ్చేదాకా ఆగకండి, ప్రోటోకాల్ ప్రకారం మొదటిది మీ చేతుల మీదుగానే పడాలి. 2020లో మన దేశం కూడా ఉన్న ఒక పెద్ద పరీక్షలో, అయిదు దేశాల్లో 2,852 మంది తల్లులతో చేసింది, మన లాంటి చోట్ల కూడా ఈ ఇంజెక్షన్ బిడ్డల ప్రాణాలు కాపాడుతుందని తేలింది.

అయితే ఒక్క జాగ్రత్త. అంతకుముందు చేసిన ఇంకో పరీక్షలో, వారాలు సరిగ్గా తెలియకుండా ఎడాపెడా ఇచ్చిన చోట మేలు కనపడలేదు, కొంత కీడు కూడా జరిగింది. కాబట్టి వారాలు తెలియాలి. వారాలు ఎలా తెలుస్తాయి? తల్లి చివరి నెలసరి తేదీతో, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్‌తో. ఆశా అమ్మలూ, మీరు ఇంటికి వెళ్లినప్పుడు "ఎన్నో నెల?" అని అడిగి ఊరుకోవద్దు. తేదీ అడగండి. సంక్రాంతికి ముందా తర్వాతా, ఉగాది వెళ్లి ఎన్నాళ్లకి, ఎలాగోలా గుర్తుచేసి తేదీ రాబట్టి కార్డు మీద రాయండి. నేను డ్యూటీలో అర్ధరాత్రి చూసిన కార్డుల్లో ఆ గడి ఖాళీగా ఎన్నిసార్లు ఉందో చెప్పలేను. ఆ గడి ఖాళీగా ఉంటే అవతల డాక్టరు ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని తేల్చుకోలేక గంటలు పోగొట్టుకుంటారు. ఆ గంటలు బిడ్డవి.

ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఒక మాట. ఎనిమిదో నెల బిడ్డ ఎలాగూ బతకదు కదా అని ఆలస్యం చేసినవాళ్లని చూశాను నేను. ఆ ఆలస్యమే బిడ్డని తీసుకెళ్లింది. నొప్పులు ముందొచ్చినా, ఉమ్మనీరు పోతున్నా, అదే గంటలో బయల్దేరండి.

అదిగో, ఆ కుంకుడు గ్లాసు చూశారా, నురగ ఇంకా దిగలేదు. ఇంకో పావుగంట ఉంది, ప్రశ్నలు అడగండి. ముందు వరసలో ఉన్న ఈ అమ్మ ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి దింపుకుంటోంది. మైకు ఆవిడకి ఇవ్వండి. చెప్పమ్మా, మీ బిడ్డ ఎన్నో వారంలో పుట్టింది?